లిబరల్ ఆర్ట్స్ డిగ్రీలో జనరల్ ఎడ్యుకేషన్ క్రెడిట్లు: బెంగళూరులో చేరే తెలుగు విద్యార్థులు లెక్క ఎలా వేసుకోవాలి

మా అక్క కొడుకు బెంగళూరులోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా చదివాడు. ఆరో సెమిస్టర్ కోర్సులతో కలిపి అతని ఖాతాలో 122 క్రెడిట్లు పడబోతున్నాయి; డిగ్రీకి కావలసినవి 120. ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్న ఆ రోజుల్లో, మల్టీడిసిప్లినరీ కోర్సుల (మేజర్‌కు వెలుపలి శాస్త్రాల పరిచయ కోర్సుల) కింద అతనికి 3 క్రెడిట్లు తక్కువ ఉన్నాయనీ, అవి పూర్తయ్యేదాకా పట్టా ఇవ్వడం కుదరదనీ పరీక్షల విభాగం నుంచి లేఖ వచ్చింది. రెండో సెమిస్టర్‌లో చదివిన సమాజశాస్త్ర పరిచయం అనే కోర్సును అతను ఆ మల్టీడిసిప్లినరీ పద్దు కింద లెక్క వేసుకోగా, విశ్వవిద్యాలయం దానిని మైనర్ (రెండో సబ్జెక్టు) పద్దులో వేసింది. ఆ సంగతి రెండేళ్ళపాటు అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు.

అప్పటినుంచి మా అపార్ట్‌మెంటులో ఎవరి పిల్లలు డిగ్రీలో చేరినా నేను ముందుగా చెప్పే మాట ఒకటే: క్రెడిట్లు మొత్తం కుదిరితే చాలదు, పద్దు పద్దుకూ కుదరాలి. కిరాణా కొట్టు లెక్కలో బియ్యానికి ఇచ్చిన డబ్బు నూనె బాకీకి జమ పడదు కదా, ఇదీ అంతే. మేజర్ సబ్జెక్టు గురించి పిల్లలూ తల్లిదండ్రులూ ఎంతైనా ఆలోచిస్తారు; తక్కిన పద్దులను మాత్రం టైంటేబుల్లో ఖాళీ ఉన్న చోట ఏదో ఒకటి పెట్టి నింపేస్తారు. అందుకే ఈ వివరణ అంతా ఆ తక్కిన పద్దుల గురించే.

ముందు పేర్ల తికమక తీర్చుకోవాలి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో వీటిని జనరల్ ఎడ్యుకేషన్ కోర్సులంటారు. మన దేశంలో ఒక చోట ఫౌండేషన్ కోర్సులు, మరొక చోట కోర్ కోర్సులు, ఇంకొక చోట ఓపెన్ ఎలెక్టివ్‌లు అంటున్నారు. సర్జాపుర దగ్గర బూరుగుంటెలో ఉన్న అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం కామన్ కరికులం అంటుంది. పేరు ఏదైనా ఉద్దేశం ఒకటే: విద్యార్థి మేజర్ ఏదైనప్పటికీ, దానికి వెలుపల ఉన్న కొన్ని శాస్త్రాలతో, భాషతో, నైపుణ్యాలతో అతనికి కనీస పరిచయం ఉండాలి. కొలంబియా విశ్వవిద్యాలయం 1919లో అందరికీ ఉమ్మడిగా సమకాలీన నాగరికత మీద ఒక కోర్సు పెట్టింది. హార్వర్డ్ ఈ విద్య స్వరూపం మీద 1945లో ఒక పెద్ద నివేదికే ప్రచురించింది. బ్రౌన్ విశ్వవిద్యాలయం మాత్రం 1969లో ఇలాంటి నిర్బంధ కోర్సులను ఎత్తివేసి ఎంపికను విద్యార్థికే వదిలేసింది. మన 2020 జాతీయ విద్యావిధానం ఈ భావనకు మూలాన్ని బాణభట్టుని కాదంబరిలో చెప్పిన 64 కళల్లో చూపించింది. మూలం ఎక్కడున్నా, మీ మార్కుల మెమోలో అది క్రెడిట్ల రూపంలోనే కనిపిస్తుంది కాబట్టి లెక్కలోకి వద్దాం.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ళ డిగ్రీకి కనీసం 160 క్రెడిట్లు ఉండాలి. మూడేళ్ళ డిగ్రీలో మేజర్‌కు 60, మైనర్‌కు 24 పోగా, మల్టీడిసిప్లినరీ కోర్సులకు 9, భాషా సామర్థ్యాన్ని పెంచే కోర్సులకు 8, నైపుణ్య కోర్సులకు 9, విలువల కోర్సులకు 6 నుంచి 8, వేసవి ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 కేటాయించారు. ఇంటర్న్‌షిప్‌ను పక్కన పెట్టినా మేజర్, మైనర్ కాని ఈ ఉమ్మడి కోర్సులకు కనీసం 32 క్రెడిట్లు వస్తాయి, అంటే 120లో నాలుగో వంతుకు మించి. తరగతిలో ఒక క్రెడిట్‌కు 15 గంటల పాఠం, ప్రయోగశాలలో అయితే 30 గంటల పని అని నియమం. అన్నీ పాఠాలే అనుకున్నా ఆ 32 క్రెడిట్లకు 480 గంటలు తరగతిలో కూర్చోవాలి. నాలుగేళ్ళ డిగ్రీలో మేజర్ 80కి, మైనర్ 32కి పెరుగుతాయి, పరిశోధన ప్రాజెక్టుకు 12 వస్తాయి; ఉమ్మడి కోర్సుల వాటా మాత్రం ఉన్నచోటనే ఉంటుంది.

అయితే ఈ అంకెలను చూసి నేరుగా ప్రణాళిక వేసుకోకూడదు, ఎందుకంటే బెంగళూరులో ఒకే వీధిలోని రెండు కళాశాలలకు రెండు నియమావళులు ఉండవచ్చు. కర్ణాటక ప్రభుత్వం 2021-22లో జాతీయ విద్యావిధానం కింద కొత్త డిగ్రీ నిర్మాణాన్ని ప్రవేశపెట్టింది. 2024-25లో దాన్ని పక్కన పెట్టి రాష్ట్ర విశ్వవిద్యాలయాలను మళ్ళీ మూడేళ్ళ డిగ్రీకి తీసుకువచ్చింది. ప్రైవేటు, డీమ్డ్ విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనలతో నడుస్తాయి. దీనివల్ల 2022లో చేరిన అన్నకూ, 2024లో అదే కళాశాలలో చేరిన తమ్ముడికీ పద్దులు వేరు కావచ్చు. అన్న పాత నోట్సు ఇస్తే సంతోషంగా పుచ్చుకోవచ్చు కానీ, అతని క్రెడిట్ల లెక్కను పుచ్చుకోకూడదు. ఏ సంవత్సరం చేరారో ఆ సంవత్సరపు నియమావళే సాధారణంగా చివరిదాకా వర్తిస్తుంది కాబట్టి, చేరిన మొదటి వారంలోనే మీ బ్యాచ్‌కు సంబంధించిన నియమావళిని పీడీఎఫ్ రూపంలో సంపాదించి భద్రపరచుకోవాలి. విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో ఆ పేజీ మరుసటి ఏడాది మారిపోతుంది, పాతది ఎక్కడా దొరకదు.

ఆ నియమావళి చేతికి వచ్చాక ఒక పెద్ద కాగితం మీద గానీ, ఎక్సెల్‌లో గానీ అయిదు నిలువు గడులు గీయాలి: పద్దు పేరు, ఆ పద్దుకు కావలసిన క్రెడిట్లు, తీసుకున్న కోర్సు కోడ్, సెమిస్టర్, చివరిగా విశ్వవిద్యాలయం ఆ కోర్సును నిజంగా ఏ పద్దులో జమ చేసింది అన్నది. మా అక్క కొడుకు దగ్గర మొదటి నాలుగు గడులూ ఉన్నాయి; అయిదోది లేదు. ప్రతి సెమిస్టర్ ఫలితాలు వెలువడిన వారంలోగా ఈ అయిదో గడిని విద్యార్థి పోర్టల్‌లో కనిపించే దానితో సరిచూసుకోవాలి. తేడా కనిపిస్తే నోటిమాటగా అడిగి ఊరుకోకుండా అడ్వైజర్‌కూ పరీక్షల విభాగానికీ ఈమెయిల్ రాసి, జవాబును దాచుకోవాలి. ఒకే కోర్సును రెండు పద్దుల్లో లెక్కించడానికి కొన్ని చోట్ల అనుమతి ఉంటుంది, చాలా చోట్ల ఉండదు. మైనర్ సబ్జెక్టుకు పనికివచ్చే ఏ పరిచయ కోర్సు తీసుకున్నా, ఇది ఎటు జమ పడుతుందని రిజిస్ట్రేషన్ రోజునే అడగాలి.

ఇక ఎంపిక. మన తెలుగు కుటుంబాలు నిజంగా తడబడేది ఇక్కడే, దానికి కారణం ఇంటర్‌లో ఉంది. పదో తరగతి కాగానే పిల్లవాడు ఎంపీసీ తీసుకుంటే చరిత్రకూ జీవశాస్త్రానికీ ఆ రోజుతో సెలవు. బైపీసీ అయితే లెక్కలకు సెలవు. సీఈసీ, హెచ్ఈసీ వాళ్ళకు ప్రయోగశాల తలుపు మళ్ళీ తెరుచుకోదు. పదిహేనేళ్ళ వయసులో వేసిన ఆ గీతే వాళ్ళ తెలివికి హద్దు అని తల్లిదండ్రులే కాదు, పిల్లలూ నమ్ముతారు. అలాంటి వాడిని తీసుకువెళ్ళి తత్త్వశాస్త్రంలోనో భూగర్భశాస్త్రంలోనో కూర్చోబెడితే, ఫీజు కట్టి మరీ ఇది దేనికని ఇంట్లో అడగడం సహజం. నా జవాబు ఏమిటంటే, మల్టీడిసిప్లినరీ పద్దు ఉన్నదే ఆ గీతను చెరపడానికి. యూజీసీ చట్రంలోనే అందుకు తగిన నియమం ఒకటి ఉంది: మేజర్‌కూ మైనర్‌కూ చెందిన శాఖలో 12వ తరగతిలో ఇదివరకే చదివిన కోర్సులను ఈ పద్దు కింద మళ్ళీ తీసుకోకూడదు. ప్రకృతి శాస్త్రాలు, గణితం-గణాంకాలు-కంప్యూటర్ అనువర్తనాలు, గ్రంథాలయ-సమాచార-మీడియా శాస్త్రాలు, వాణిజ్యం-నిర్వహణ, మానవీయ-సామాజిక శాస్త్రాలు అనే అయిదు విభాగాల నుంచి పరిచయ స్థాయి కోర్సులు మూడు, ఒక్కొక్కటి 3 క్రెడిట్లది, ఎంచుకోవాలి.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో ఎంపీసీ చదివి, ఇక్కడ ఆర్థికశాస్త్రం మేజర్‌గా, రాజనీతిశాస్త్రం మైనర్‌గా తీసుకున్న అమ్మాయి ఉందనుకోండి. అలవాటైన దారి కాబట్టి ఆమె చెయ్యి కంప్యూటర్ అనువర్తనాల వైపు వెళుతుంది, మార్కులూ బాగా వస్తాయి. కానీ ఆర్థికశాస్త్రంలో ఆమెకు గణాంకాలు ఎలాగూ వస్తాయి, మైనర్‌లో రాజ్యాంగం వస్తుంది. ఎక్కడా రానివి జీవశాస్త్రం, కళాచరిత్ర, వార్తను చదివి అంచనా వేసే నేర్పు. కనుక ఆమె మూడు కోర్సులు ప్రకృతి శాస్త్రాల నుంచి ఒకటి, మీడియా శాస్త్రాల నుంచి ఒకటి, మానవీయ శాస్త్రాల నుంచి ఒకటి కావడం మేలు. అదే హెచ్ఈసీ చదివి చరిత్ర మేజర్‌లో చేరిన అబ్బాయికి నేను మొదటి సెమిస్టర్‌లోనే గణాంకాల పరిచయం తీసుకోమంటాను. జనాభా లెక్కలు, శిస్తు పట్టికలు, ధరల జాబితాలు చదవలేని చరిత్ర విద్యార్థి మూడో ఏట ప్రాజెక్టుకు కూర్చున్నప్పుడు పక్కవాడి మీద ఆధారపడవలసి వస్తుంది. గణితానికి భయపడి దాన్ని ఆఖరు సెమిస్టర్‌కు నెట్టేవాళ్ళను చాలామందిని చూశాను. అప్పటికి భయం తగ్గదు సరికదా, దానికి తోడు ఉద్యోగ ఇంటర్వ్యూలు వచ్చి పడతాయి.

తేలికగా మార్కులు వచ్చే కోర్సు తీసుకోవడం తప్పని నేను అనను. మేజర్‌లో రెండు కఠినమైన కోర్సులు పడిన సెమిస్టర్‌లో ఒక సులువైన కోర్సు ఊపిరి తీసుకోనిస్తుంది. అయితే సులువు అనే మాటను సీనియర్ల వాట్సాప్ గ్రూపులో విని నమ్మకుండా, మొదటి వారం తరగతికి వెళ్ళి, వారానికి ఎన్ని పేజీలు చదివిస్తారు, మార్కుల్లో అసైన్‌మెంట్ల వాటా ఎంత, చివరి పరీక్ష వాటా ఎంత అన్నవి సిలబస్‌లో చూసి, కుదరదనుకుంటే కోర్సులు చేర్చుకోవడానికీ వదులుకోవడానికీ ఇచ్చే యాడ్-డ్రాప్ గడువు లోపల మార్చుకోవాలి. ఆ గడువు దాటితే పోర్టల్ మూసుకుపోతుంది. టైంటేబుల్‌ను కూడా బెంగళూరు కళ్ళతో చూడాలి. ఉమ్మడి కోర్సులను సాయంత్రం చివరి గంటకో శనివారానికో వేయడం మామూలు. వైట్‌ఫీల్డ్‌లో ఇల్లు, నగరం నడిబొడ్డున కళాశాల ఉన్నవారు పర్పుల్ లైన్ మెట్రోలో వచ్చినా, ఒక్క గంట పాఠం కోసం శనివారం సగం పోతుంది.

మేజర్ మార్చుకునే ఆలోచన లోలోపల ఉన్నవారికి ఈ కోర్సులు ఇంకొక విధంగా ఉపయోగపడతాయి. విస్తృత శాఖ లోపల మేజర్‌ను మొదటి ఏడాది చివర మార్చుకునే అవకాశం ఇవ్వాలని యూజీసీ చట్రం చెబుతుంది. ఆర్థికశాస్త్రంలో చేరి మనసు మనస్తత్వశాస్త్రం మీద ఉన్నవారు మొదటి రెండు సెమిస్టర్లలో ఆ శాస్త్రపు పరిచయ కోర్సును తీసుకుంటే, అది నచ్చకపోయినా క్రెడిట్లు వృథా కావు, నచ్చితే దారి మార్చుకునే వేళకు చేతిలో ఆధారం ఉంటుంది.

భాషా కోర్సుల 8 క్రెడిట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఈ పద్దులో ఆధునిక భారతీయ భాష ఒకటి, ఇంగ్లీషు ఉంటాయి. ఏ భాషలు అందుబాటులో ఉంటాయన్నది విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది. మనవాళ్ళు ఎక్కువగా హిందీనో ఫ్రెంచినో అడుగుతారు, మార్కులు వస్తాయన్న లెక్కతో. తెలుగు దొరికే చోట తెలుగు తీసుకోవడం మంచిదే. ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుని, తెలుగులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయలేని పిల్లలు మనలో చాలామంది ఉన్నారు, వారికి ఇదే ఆఖరి అవకాశం. బెంగళూరు విశ్వవిద్యాలయంలో తెలుగు శాఖ కూడా ఉంది. తెలుగు ఇంట్లో బాగానే సాగుతున్నవారు మాత్రం ప్రారంభ స్థాయి కన్నడం తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి విడివడినవి. తలకట్టు తీరూ కొన్ని అక్షరాల వంపూ గుర్తుపట్టగానే బస్సు బోర్డులు చదవడం మొదలవుతుంది. ఇంటి యజమానితో, ఆటో డ్రైవరుతో, ఇంటర్న్‌షిప్ కోసం వెళ్ళిన గ్రామ పంచాయతీ కార్యదర్శితో మాట్లాడే శక్తి ఇచ్చే క్రెడిట్లు తక్కిన పట్టికలో ఎక్కడా కనిపించవు. ఈ ఊళ్ళో నాలుగేళ్ళు ఉండి ‘కన్నడ గొత్తిల్ల’ (కన్నడం తెలియదు) అనే రెండు మాటలు మాత్రమే నేర్చుకుని వెళ్ళడం మనకు గౌరవం కాదు.

విలువల కోర్సులు, నైపుణ్య కోర్సుల గురించి అంత చెప్పవలసింది లేదు. పర్యావరణ విద్య, భారతదేశాన్ని అర్థం చేసుకోవడం, డిజిటల్ పరిజ్ఞానం, యోగా, ఆరోగ్యం వంటివి వస్తాయి. మొదటి రెండు సెమిస్టర్లలో పూర్తి చేసుకుంటే సరిపోతుంది. అవి రెండేసి క్రెడిట్ల కోర్సులే కదా అని హాజరు పోగొట్టుకోవడం మాత్రం ప్రమాదం. అలా తప్పిన కోర్సు మళ్ళీ ఏడాదికి గానీ రాదు, ఎందుకంటే చాలా కోర్సులు బేసి సెమిస్టర్‌లోనో సరి సెమిస్టర్‌లోనో ఒక్కసారే నడుస్తాయి. ఈ ఒక్క కారణం చేతనే ఉమ్మడి కోర్సులన్నీ నాలుగో సెమిస్టర్ లోపల ముగించాలి. కోర్సు సంఖ్య కూడా గమనించాలి: యూజీసీ చట్రంలో 100 నుంచి 199 వరకు పరిచయ స్థాయి, 200 నుంచి 299 మధ్యస్థాయి, 300 పైన ఉన్నత స్థాయి. సొంత శాఖ కాని చోట 300 స్థాయి కోర్సులో చేరి తలబొప్పి కట్టించుకోనక్కర లేదు.

మార్కుల మీద వీటి ప్రభావం ఎంతో ఒకసారి వేసి చూడండి. మేజర్, మైనర్, ఇంటర్న్‌షిప్ కలిపి 88 క్రెడిట్లలో పదికి సగటున 8 గ్రేడు పాయింట్లు వచ్చాయనుకుందాం. తక్కిన 32 క్రెడిట్లలో సగటు 9 అయితే డిగ్రీ మొత్తం సగటు (సీజీపీఏ) 8.27 అవుతుంది, సగటు 6 అయితే 7.47కు పడిపోతుంది. మేజర్‌లో ఒక్క మార్కు కూడా తేడా లేకుండానే 0.8 పాయింట్లు పోయాయన్నమాట. నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు అవసరమని యూజీసీ నియమం పెట్టింది కనుక, ఈ తేడా కాగితం మీది ముచ్చట కాదు. కొన్ని పద్దులను సీజీపీఏలో లెక్కించని విశ్వవిద్యాలయాలు కూడా ఉంటాయి. మీ నియమావళిలో ఆ పంక్తిని వెతికి చూసుకోవాలి.

క్రెడిట్లు తక్కువ పడినవారికి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్ ఒక దారి. ఒక సెమిస్టర్‌లో ప్రోగ్రామ్ కింద ఉండే కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదవడానికి అనుమతించవచ్చని యూజీసీ 2021 నిబంధనలు చెబుతాయి. కానీ మీకు నచ్చిన కోర్సు చదివేసి తరవాత క్రెడిట్లు అడిగితే కుదరదు. ఫలానా కోర్సు ఫలానా పద్దులో జమ అవుతుందని ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. కోర్సులో చేరడం వేరు, చివరి పరీక్షకు రుసుము కట్టి నమోదు కావడం వేరు అన్న సంగతి మరచిపోయి నష్టపోయేవారు ఉన్నారు. ఫలితాలు మీ సెమిస్టర్ క్యాలెండర్‌కు సరిగ్గా అందకపోవచ్చు కాబట్టి, ఆఖరు సెమిస్టర్‌లో దీన్ని నమ్ముకోవడం మంచిది కాదు. ఇలా సంపాదించిన క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతాలో పడతాయి, గరిష్ఠంగా ఏడేళ్ళు చెల్లుతాయి. ఆ ఖాతాలో మీ పేరూ పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో మొదటి ఏడాదే చూసుకోవాలి. ఇంటిపేరు ముందు రాయడం మన అలవాటు కావడంతో పేర్లు సరిపోలక చిక్కులు వస్తాయి.

మధ్యలో అమెరికా విశ్వవిద్యాలయానికి మారే ఆలోచన ఉన్నవారు ప్రతి ఉమ్మడి కోర్సు సిలబస్‌ను, అందులో గంటల సంఖ్య, చదివించిన పుస్తకాలు, మూల్యాంకన పద్ధతి కనిపించేలా దాచుకోవాలి. అక్కడ కూడా బ్యాచిలర్ డిగ్రీకి సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్లే. ఇక్కడి 3 క్రెడిట్ల కోర్సుకు పడిన 45 తరగతి గంటలు అక్కడి 3 క్రెడిట్ల కోర్సుకు దాదాపు సరితూగుతాయి. అయినా ఏ కోర్సును తమ జనరల్ ఎడ్యుకేషన్‌లో ఏ పద్దు కింద ఒప్పుకోవాలన్నది వారు కోర్సు పేరును బట్టి కాక సిలబస్‌ను బట్టి నిర్ణయిస్తారు. చరిత్ర, గణాంకాలు, ఇంగ్లీషు రచన వంటివి సులువుగా చెల్లుతాయి. విలువల కోర్సులకు అక్కడ సమానమైన పద్దు దొరకడం కష్టం.

అయిదో సెమిస్టర్ మొదటి వారంలో మీ కాగితాన్ని అడ్వైజర్ ముందు పెట్టి, ప్రతి పద్దులో పూర్తయినవి ఎన్ని, మిగిలినవి ఎన్ని అని విశ్వవిద్యాలయం తరఫున ఒక ఈమెయిల్ రాయించుకోవాలి. అడ్వైజర్ పోర్టల్ చూసుకోండి అంటే, పోర్టల్‌లో కనిపించే పేజీని తేదీతో సహా పీడీఎఫ్ చేసి, అది సరైనదేనని ధ్రువీకరించమని అదే రోజు పరీక్షల విభాగానికి పంపాలి. అప్పటికింకా రెండు సెమిస్టర్లు చేతిలో ఉంటాయి కాబట్టి, 3 క్రెడిట్లు తక్కువ పడినా టైంటేబుల్లో ఒక కోర్సు చేర్చుకుంటే సరిపోతుంది. మా అక్క కొడుకుకు ఆ లోటు సంగతి ఆరో సెమిస్టర్‌లో గానీ తెలియలేదు గనుక, స్నేహితులు కాన్వొకేషన్ ఫొటోలు పెట్టుకుంటున్న వేళ అతను ఇంకో సెమిస్టర్ ఫీజు కట్టి, పేయింగ్ గెస్ట్ గది ఖాళీ చేయకుండా, భూగోళశాస్త్ర పరిచయం అనే కోర్సు చదివాడు.